ఊరికి శుభ్రత నేర్పినాయన ఇంట్లో పెళ్ళి

మొన్న పింఛను పని మీద పురసభ ఆఫీసుకు పోతే, గేటు పక్కన కొత్త నల్లరాతి పలక కనిపించింది. ఊరి చరిత్రట. బడి మెట్లెక్కనివాణ్ణి, అంగడి పొట్లాల కాగితాలు విప్పి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి; కంటబడిందేదీ చదవకుండా వదలను. ఎండలో నిలబడి అంతా చదివాను. వర్తకులున్నారు, రైతులున్నారు, నేతగాళ్ళున్నారు. కుమ్మరులు లేరు. తొలి అధ్యక్షుడు మాత్రం ‘ఊరికి శుభ్రత నేర్పిన మహానుభావుడు’ అయి కూర్చున్నాడు. ఇంటికొచ్చినా కడుపుమంట ఆరలేదు. ఆ శుభ్రత సంగతేమిటో నేను చెబుతాను.

పందొమ్మిది వందల యాభైల్లో, బాగేపల్లి, చింతామణి మధ్య ఉన్న మా ఊరికి కొత్తగా పురసభ వచ్చింది. మా వీధి వెనకే కుండలు కాల్చే ఆవం. ఆవం పెట్టిన రోజు మా ఇంట్లో సంగటిలోకి కోడికూర. ఇప్పటికీ పిడకల పొగ తగిలితే నాకు ఆకలేస్తుంది. అధ్యక్షుడు దానికి ఎదురుగా కొత్త మిద్దె కట్టుకుని, ఆవాన్ని ఊరవతల దొడ్ల మలం పారబోసే దిబ్బ పక్కకు తోయించాడు. అంత దూరం మోస్తే పచ్చికుండలు దారిలోనే సగం పగిలేవి. మా నాయన పోయి ఆయన ఇంటి ముందు జగిలి అరుగు కింద చేతులు జోడించి నిలబడ్డాడు. “పొగ ఊరికి మంచిది కాదురా” అన్నాడాయన, చుట్ట పొగ వదులుతూ.

మరుసటి ఎండాకాలం ఆయన కూతురి పెళ్ళి. మగపెళ్ళివారు చిక్కబళ్ళాపురం వాళ్ళు. మా సీమలో పెళ్ళంటే ముత్తైదువులు మేళంతో వచ్చి, కుమ్మరి దగ్గర పూజ చేసి అరివేణి కుండలు తీసుకుపోవాలి. అవి రానిదే ముహూర్తం లేదు. వాటికి సున్నం, ఎర్రటి జాజు పూసి ముగ్గులు తీర్చేది మా మేనత్త. ఆయనే స్వయంగా మా గడపలోకి వచ్చాడు.

“ఏమమ్మా, కుండలు యాడుండాయి?”

“ఆవం కాడుండాయప్పా.”

“ఇంటికి తెచ్చియ్యి.”

“అయ్యో, మేళం లేకుండా కదిలిస్తే బిడ్డకు మంచిదా? దావ తమరికి తెలీందా, తమరే కదప్పా చూపిచ్చినారు!”

పట్టుచీరలన్నీ దిబ్బ దారి పట్టాయి. ఆడవాళ్ళు ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. నాదస్వరం ఊదేవాడికి ఆ వీలూ లేదు. మా మేనత్త తాపీగా ఒక్కో కుండకూ పసుపు, కుంకుమ పెట్టి, హారతి పాట ఎత్తుకుంది. నడుమ ఒక చరణం మరిచిపోయానని మళ్ళీ మొదటినుంచి పాడింది. వెంట వచ్చిన పెళ్ళికొడుకు తల్లి అధ్యక్షుడివైపు తిరిగి అందరికీ వినబడేలా అంది: “మీరు ఏలేది ఈ దిబ్బనేనాప్పా?”

ఆ వారంలోనే దిబ్బ తరలిపోయింది. ఆవం మాత్రం మా వీధికి తిరిగి రాలేదు. మా నాయన కుండలు చేసే సారె అటకెక్కించి, చెనక్కాయల మిల్లులో మూటలు మోశాడు. “ఏం సాధించినావక్కా?” అని ఒకసారి అడిగాడు. “ఆవం రాలేదులేరా. ఆ వాసన కూడా ఆయప్ప ముక్కులోనించి పోదు” అంది మా మేనత్త, తమలపాకు మడుస్తూ.

ఇప్పుడు వాళ్ళెవరూ లేరు. ఆవం చోటు చదునై, దాని మీద ఇళ్ళు లేచాయి. మహానుభావుడు రాతికెక్కాడు. కాలం ఎవరి పక్షమో నాకు తెలిసిపోయింది. అందుకే నేనింకా దేన్నీ మరిచిపోకుండా బతికున్నాను.