నేను సెలవులో ఉన్నానని నేనే చెప్పాను

బీకామ్ చదువుతూ యానాంలో ఒక రొయ్యల మేత ఏజెన్సీలో అప్రెంటిస్‌గా చేరాను. నాకు పని నేర్పాల్సిన అకౌంటెంటు గారిని వారం తిరక్కుండానే మాన్పించేశారు. ఆయన పనంతా నా నెత్తిన పడింది.

ఓసారి అప్రెంటిస్‌లకి పని నేర్పేవాళ్లున్నారో లేదో చూడ్డానికి తనిఖీకి ఆఫీసరు వస్తున్నారని తెలిసి మా ఓనరు గారు, "రేపు చీర కట్టుకుని రామ్మా. అకౌంటెంటు కుర్చీలో కూర్చో. నీ ఉద్యోగం సంగతి నేను చూసుకుంటాగా" అన్నారు. కూర్చున్నాను.

"మేడమ్, మీ అప్రెంటిస్ సత్యవేణి ఏదండీ?" అనడిగారు ఆఫీసరు.

సత్యవేణిని నేనే. "సెలవు పెట్టిందండి" అన్నాను.

అప్రెంటిస్ అగ్రిమెంటు అయిపోయాక ఉద్యోగం మాటెత్తితే, "సెలవులు పెట్టేదానివని ఆఫీసరు గారికి నువ్వే చెప్పావు కదమ్మా" అన్నారు ఓనరు గారు, నవ్వకుండా.

ఇప్పటికీ ఎవరైనా నన్ను మేడమ్ అంటే ఒళ్లు మండిపోతుంది.