పడిందని చెప్పాం

మా అమ్మాయి ఎదురుకాళ్లతో పుట్టింది. అలా పుట్టినవాళ్ల కాలు తగిలితే నడుం పట్టు వదులుతుందని మా కడప వైపూ అంటారు, మా ఆవిడ వాళ్ల తెలంగాణ వైపూ అంటారు. పెళ్లయ్యాక రెండు కుటుంబాలూ వాదన లేకుండా ఒప్పుకున్న విషయం నాకు తెలిసి ఇదొక్కటే. ఆపరేషన్ చేసి తీసినా ఎదురుకాళ్లు ఎదురుకాళ్లేనట. పిల్లను చూసుకోవడానికి గోల్నాక నుంచి మా అత్తమ్మ యూనివర్సిటీ క్వార్టర్స్‌లోని మా ఇంటికి వచ్చింది. ఎడమకు ఒరిగి నడిచే మనిషి, నడుం నొప్పి ఎప్పుడూ ఉండేది. రోజూ పిల్లకు నీళ్లు పోయగానే ఆ పాదం పట్టుకుని తన నడుముకు తాకించుకునేది. "గోలీల కన్న ఇదే నయమున్నది" అనేది.

ఆరో వారం టీకాలకు వెళితే అక్కడి డాక్టరు పిల్ల మోకాళ్లు మడిచి తొడలు పక్కలకు తెరిచి చూసింది. కుడి తొడ మామూలుగా వాలింది. ఎడమది సగంలో ఆగింది. ఆవిడ అనుమానపడి, ముందు హబ్సిగూడలో స్కానింగ్ తీయించుకుని, తార్నాకలో పిల్లల ఎముకలు చూసే డాక్టరు దగ్గరకు వెళ్లమంది.

ఆయన నిదానంగా చెప్పాడు. తొడ ఎముక పైకొస గుండ్రంగా ఉంటుంది, అది తుంటిలోని గిన్నెలో కూర్చోవాలి. మా పిల్లకు గిన్నె లోతు చాలక ఎముక జారి బయట ఉంది. తొందరగా పట్టుకున్నాం కాబట్టి బెల్టులతో సరిపోవచ్చు. సరిపోకపోతే కాస్త పెరిగాక మత్తిచ్చి, నడుం నుంచి పాదాల దాకా సిమెంటు కట్టు వేయాలి. దానికీ కుదరకపోతే ఆపరేషన్.

"ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని అడిగాడు. "లేదు" అని మా ఆవిడా, పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అత్తమ్మా ఒక్కసారే అన్నారు.

భుజాల మీదుగా రెండు పట్టీలు, ఛాతీ చుట్టూ ఒకటి, వాటి నుంచి కాళ్లకు రెండు. అవి తొడిగాక పిల్ల కాళ్లు కప్ప కాళ్లలా మడుచుకుని పక్కలకు తెరుచుకున్నాయి. రాత్రీ పగలూ తీయకూడదు. స్నానం లేదు, తడిగుడ్డతో తుడవడమే.

అత్తమ్మకు ఇది ససేమిరా నచ్చలేదు. పసిపిల్లల్ని కాళ్ల మీద వేసుకుని, నూనె రాసి, కాళ్లూ చేతులూ సాగదీసి నీళ్లు పోయడంలో వాళ్ల చుట్టాల్లో ఆవిడకు మంచి పేరు. "గట్ల మడిచి కడితే కాళ్లు వంకర పోవా? పసిగుడ్డుకు గీ తిప్పలేంది?" అని రోజూ గొణిగేది.

సాయంత్రాలు పిల్లను ఎత్తుకుని ఇంటి ముందు నిలబడితే వాకింగ్‌కు వెళ్లేవాళ్లు ఆగి చూసేవాళ్లు. ముందుగా అడిగింది పై ఇంటావిడ. మా ఆవిడ తడుముకోకుండా "మంచం మీదికెల్లి పడ్డది ఆంటీ, బెణికింది" అంది. రెండు నెలలైనా నిండని పిల్ల మంచం మీద దొర్లదని ఇద్దరు పిల్లల్ని పెంచిన ఆవిడకు తెలియకపోదు. లోపలికి రాగానే నాకు ఒళ్లు మండింది.

"పిల్లను పడేసిన తల్లివని పేరు తెచ్చుకుంటావా?" అన్నాను.

"నా పేరు పోతే పోనీ. పుట్టుకతోనే అంటే ఆ పేరు దానికి పడ్తది. ఆడపిల్ల" అంది.

యూనివర్సిటీలో నాతోపాటు పాఠాలు చెప్పేవాళ్లూ అడగడం మొదలుపెట్టారు. నిజం చెబితే పది ప్రశ్నలు, పడిందంటే ఒక్క 'అయ్యో'తో పోతుంది. నేనూ పడిందనే చెప్పసాగాను.

రెండు వారాల తర్వాత స్కాన్‌లో ఎముక ఇంకా బయటే ఉంది. డాక్టరు పట్టీలు సరిచేసి, ఇంకో రెండు వారాలు చూద్దాం, అప్పటికీ కాకపోతే బెల్టులు ఆపేద్దాం అన్నాడు. అంత చిన్న ఒంటికి సిమెంటు కట్టు ఊహించుకుంటే నాకు భయం వేసింది. తలుపు దాకా వెళ్లామో లేదో, వెనక నుంచి ఆయన "అమ్మా, ఒక్క నిమిషం" అని అత్తమ్మను ఆపాడు. ఆవిడ నడక ఆయన చూడటం అదే మొదలు.

"కాలికేమైంది?"

"చిన్నగున్నప్పుడు ఎడ్లబండి మీదికెల్లి పడ్డనట సారూ. మా అమ్మ చెప్పింది."

ఆయన ఆవిడకు ఎక్స్‌రే తీయించాడు. చూసి, తెర మా వైపు తిప్పాడు. "విరిగిన గుర్తేమీ లేదమ్మా. మీ ఎముక ఎన్నడూ గిన్నెలో కూర్చోలేదు. పాపకున్నదే మీకూ ఉంది" అన్నాడు.

ఇంటికొచ్చి చాయ్ తాగాక అత్తమ్మ అంది: "బండి మీదికెల్లి పడ్డదంటే సంబంధాలొస్తయి. పుట్టుకతోనే కుంటిదంటే రావు. గందుకే అట్ల చెప్పింది మా అమ్మ." గొంతులో కోపం లేదు, కానీ కొంగుతో కళ్లు తుడుచుకుంది. మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి అత్తమ్మ ఆ బెల్టులకు జైలరైంది. నూనె మాట ఎత్తలేదు. తడిగుడ్డతో తుడిచాక పాదం నడుముకు తాకించుకోవడమూ మానేసింది. ఒకరోజు పట్టీ ఒరిసి పిల్ల మెడ దగ్గర ఎర్రబడింది. జాలేసి కాసేపు వదులు చేద్దామని చెయ్యి పెట్టాను. ఆవిడ నా చేతి మీద ఒక్కటేసింది. అత్త అల్లుణ్ణి కొట్టడం మా వైపూ లేదు, వాళ్ల వైపూ లేదు. "డాక్టర్‌ను అడుగు, నువ్వు ముట్టకు" అంది. నేను ఫోన్ చేసి అడిగాను. పట్టీ కింద మెత్తటి గుడ్డ పెట్టమన్నారు.

తర్వాతి స్కాన్‌లో ఎముక గిన్నెలో ఉంది. బెల్టులు ఇంకొన్ని వారాలు ఉంచి మెల్లగా తీసేద్దాం అన్నాడు డాక్టరు. నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఆవిడ అక్కడే ఏడ్చేసింది. అత్తమ్మ మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"సారూ, గప్పుడు నన్ను చూపిస్తే నాకు గూడ గిట్లనే నయమైతుండెనా?"

"మీ చిన్నతనంలో, మీ ఊళ్లో ఇది కనిపెట్టడం కష్టమమ్మా. కనిపెట్టి ఉంటే మాత్రం, చాలావరకు అయ్యేది."

"మంచిది" అని లేచింది.

క్వార్టర్స్ మెట్ల దగ్గర పై ఇంటావిడ ఎదురైంది. పిల్ల బుగ్గ పుణికి, "పడ్డ దెబ్బ ఇంకా మానలేదా?" అంది. మా ఆవిడ నోరు తెరిచేలోపే అత్తమ్మ అందుకుంది.

"మా ఇంట్ల పడ్డోళ్లు ఎవ్వలు లేరమ్మా. పుట్టుకతోనే. ముందుగాల నాకు, ఇప్పుడు దీనికి. దీనికి నయమైతున్నది."

పై ఇంటావిడ మా ఆవిడ వైపు చూసింది. మా ఆవిడ తల వంచుకోలేదు. "అవునాంటీ, అమ్మకు నయం కాలే" అంది.