నాన్న చెప్పిన గుర్రాల సినిమా

మా వీధిలో ఎవరైనా చిన్న విషయానికి పెద్ద గొడవ పెట్టుకుంటే, "గుర్రం కోసం ఏడుగుర్ని సంపినట్టుంది నీ యవ్వారం" అంటారు. పోర్ట్ బ్లెయిర్ అవతల, వండూర్ దగ్గరి మా జాలర్ల కాలనీ దాటితే ఈ మాట ఎవరికీ తెలియదు. ఏ పుస్తకంలోనూ నాకు కనపడలేదు. ఇది మా నాన్న వల్ల పుట్టిన మాట.

నేను పుట్టకముందు కాలనీ మైదానంలో తెర కట్టి సినిమాలు వేసేవారట. దీవికి ఓడలో ఏ రీళ్లు వస్తే అవే. ఒకసారి ఇంగ్లీషు సినిమా వచ్చింది. టోపీలు, తుపాకులు, ఎర్రటి దుమ్ము, గుర్రాలు. నాన్న అంతకుముందు విదేశాలకు పోయే ఓడలో వంటవాడి కింద కొంతకాలం పనిచేశాడు. అందుకని ఆయనకు ఇంగ్లీషు వచ్చని అందరి నమ్మకం. కొంత వచ్చు కూడా. తెర పక్కన నిలబడి, బొమ్మ నడుస్తుంటే కథ చెప్పుకుంటూ పోయాడు.

ఒక పశువుల కాపరి మందను తోలుకుని నది దాటి వెళతాడు. ఇంటి దగ్గర భార్య ఉంటుంది. చాన్నాళ్లకు అతని స్నేహితుడు ఒక్కడే, అతని గుర్రాన్ని పట్టుకుని తిరిగొస్తాడు. గుమ్మం ముందు టోపీ తీసి ఆమెతో ఏదో అంటాడు. ఆమె దుమ్ములో మోకాళ్ల మీద కూలిపోతుంది.

నాన్న అక్కడ ఆగిపోయాడట. ముందు వరసలో మా పెద్దమ్మ కూర్చుని ఉంది. ఆ ముందు నెలలోనే పెద్దనాన్న డింగీ పడవలో చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు. ఆయనతో వెళ్లవలసిన నాన్న జ్వరంతో ఇంట్లో పడుకున్నాడు.

"ఏటంతన్నాడు? ఏటంతన్నాడు?" అని జనం అరిచారు.

"ఆల్లాయన బతికే ఉన్నాడంట" అన్నాడు నాన్న. "దూరాన పని దొరికిందంట. వానలెల్లాక వొస్తాడంట."

మరి ఆమె ఏడుస్తోందేమని ఎవరో అడిగారు. సంతోషమన్నాడు. ఆ తరువాత స్నేహితుడు పట్నం వెళ్లి ఏడుగురిని కాల్చి చంపాడు. మనిషి బతికే ఉంటే వీళ్లనెందుకు చంపుతున్నాడని ఇంకెవరో అడిగారు. నాన్నకు మరేమీ తోచలేదు. "గుర్రాన్ని కొట్టినారంట" అన్నాడు.

ఆ రాత్రి తరువాత ఆయన ఏ సినిమాకూ కథ చెప్పలేదు. పెద్దమ్మ బొట్టు తీయలేదు. పెద్దనాన్నకు కర్మ జరగలేదు. బతికున్నాడేమో అనుకునే ఇంట్లో కర్మ ఎవరు చేస్తారు?

ఇదంతా నాకు అమ్మ చెప్పింది, నేను డిగ్రీ పూర్తి చేసి ఇంట్లో ఉన్న ఏడాది. ఆస్టినాబాద్‌లో ఉండే మా మేనమామ అప్పుడే ఒక కబురు తెచ్చాడు. "బావా, నువ్వు సెప్పిన గుర్రాల పిక్చర్ లేదూ, దాన్ని కొత్తగా మల్లీ తీసినారు. టీవీలో ముక్క సూపించినారు. నది, గుర్రం, ఆ ఆడమనిషి, సబ్ కుచ్ అదే. హిందీలో మాట్లాడతన్నారు!" కాలనీ అంతా ఆదివారం మాట్నీకి పోర్ట్ బ్లెయిర్ వెళ్లాలని తీర్మానించింది. ఎప్పుడూ సినిమా హాలు గడప తొక్కని పెద్దమ్మ కూడా, "నానూ వొస్తాను" అంది.

అమ్మ చేప పొలుసు తీస్తూ, తల ఎత్తకుండా నాతో అంది. "అందులో ఆ మనిషి సచ్చిపోతాడే. అప్పుడు ఇంగ్లీసు గనక సాగింది. హిందీ అందరికీ వొచ్చు. ఎలాగైనా మీ పెద్దమ్మని ఆపు."

నేను పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ చీర మడత పెడుతోంది. హాల్లో ఉక్కగా ఉంటుందని చెప్పాలనుకున్నాను, బస్సులో కూర్చోలేవని చెప్పాలనుకున్నాను. నలుగురిలో నాకు ఎప్పుడూ నోరు పెగలదు, ఆ రోజు ఒక్కరితో కూడా మాట్లాడలేకపోయాను. "ఈ చీర బాగుందేటే?" అని ఆవిడే అడిగింది. బాగుందన్నాను.

బస్సు నిండా మావాళ్లే. సిప్పీఘాట్ దాటేదాకా పెద్దవాళ్లు పాత సినిమా గురించే మాట్లాడారు. నాన్న వెనక సీట్లో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. హాల్లో కూడా తలుపు పక్కన చివరి కుర్చీ ఎంచుకున్నాడు. నేను పెద్దమ్మ పక్కన కూర్చున్నాను.

సినిమా మొదలయ్యాక మావాళ్ల ఆనందానికి హద్దు లేదు. "అదిగో నది!" "పాత గుర్రం తెల్లగుండేది, ఇది నల్లగుంది." ముందు వరసలోని బెంగాలీ కుటుంబం రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. నేను తెరను సగమే చూశాను. మిగతా సగం పెద్దమ్మ చేతులను చూశాను.

స్నేహితుడు గుర్రంతో వచ్చాడు. టోపీ తీశాడు. శుద్ధమైన హిందీలో, నెమ్మదిగా, అతను చనిపోయాడని, నది అవతల తానే పూడ్చిపెట్టానని చెప్పాడు. ఆమె కూలిపోయింది.

తరువాత మా వీధి చివరి ముసలాయన లేచి నిలబడ్డాడు. "అరే, గలత్ హై! ఆడు సచ్చిపోలేదు!" మిగతావాళ్లూ అందుకున్నారు. "మార్సీసినారు! కథ మార్సీసినారు!" "ఈ కాలపోల్లు ఏదీ సక్కగా ఉంచరు!" హాలువాడు టార్చి వేసుకుని వచ్చాడు. పెద్దమ్మ కదల్లేదు. ఆవిడ చేతులు ఒడిలో ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

బయట బస్సు కోసం నిలబడినప్పుడు గొడవ ముదిరింది. కాలేజీలో చదివే మా పక్కింటి అబ్బాయి, పాత సినిమాలో కూడా అతను చనిపోయే ఉంటాడన్నాడు. "లేకపోతే ఏడుగుర్ని ఎందుకు సంపుతాడు దాదా? గుర్రం కోసమా?"

"నీ బాబుకి కూడా మీసం రాలేదురా అప్పటికి!" అన్నాడు ముసలాయన. "మేం కల్లారా సూసినాం. ఇదిగో, సెప్పినోడు ఇక్కడే ఉన్నాడు. అడుగు!"

అందరూ నాన్న వైపు తిరిగారు. నాన్న నోరు తెరిచాడు.

"పాతదాంట్లో ఆడు బతికే ఉన్నాడు" అంది పెద్దమ్మ. "నాను ముందలే కూకున్నాను గదా. వీల్లే మార్సీసినారు." ఆ మాటతో వాదన ఆగింది. పక్కింటి అబ్బాయి భుజాలెగరేసి టీ తాగడానికి పోయాడు.

ఇంటికి చేరేసరికి ఇంకా వెలుతురుంది. నాన్న వాకిట్లో వల ముందేసుకుని కూర్చున్నాడు గానీ చెయ్యి వెయ్యలేదు. పెద్దమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. అమ్మా నేనూ గుమ్మంలోనే నిలబడిపోయాం.

"వదినా" అన్నాడు నాన్న.

"నాకు ఆ రోజే తెలుసు బాబూ" అంది ఆవిడ. "సంతోసానికి ఎవులైనా అలగ మోకాల్ల మీద పడిపోతారేటి? ఇంగ్లీసు రాపోతే ఏడుపు కూడా తెలీదా నాకు?"

"మరి ఇన్నాల్లూ..."

"జొరంతో ఆగిపోయినందుకు నువ్వు తిండి మానేసి తిరిగేవోడివి. ఆ మాట సెప్పినాకే మనిసివైనావు. అది అబద్దమని నానంటే మల్లీ ఏటైపోతావో అని ఊరుకున్నాను." వలను పక్కకు నెట్టి మళ్లీ అంది. "ఇంక సాలు. ఆయనకి సెయ్యాల్సింది సేసెయ్. బొట్టు మాత్రం తియ్యను. ఎవులూ అడగకండి."

నాన్న తల వంచుకున్నాడు. ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. పెద్దమ్మ ఓదార్చలేదు. లేచి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లింది.

అమావాస్య రోజు ఉదయం ఒడ్డుకు వెళ్లాం. పెద్దనాన్నకు పిల్లలు లేరు కనుక కర్మకు నాన్నే కూర్చున్నాడు. మా వీధివాళ్లు చాలామంది వచ్చారు. ఎవరూ సినిమా మాట ఎత్తలేదు. ముసలాయన తువ్వాలు తలకు చుట్టుకోకుండా చేతిలో పట్టుకుని దూరంగా నిలబడ్డాడు. అన్నం ముద్దలు నీళ్లలో వదిలాక లేవబోతున్న నాన్నను పెద్దమ్మ ఆపింది.

"ఆ దినం ఏటైందో సెప్పు బాబూ. ఉన్నదున్నట్టు. నాను ఎవుల్నీ అడగలేదు ఇప్పటికీ."

నాన్న నీళ్ల వైపు చూస్తూ చెప్పాడు. ఇంజను ముందు రోజే మొరాయించిందని. అన్న వచ్చి తన నుదురు ముట్టుకుని, ఈరోజుకి పడుకోమన్నాడని. మధ్యాహ్నానికి గాలి దక్షిణం నుంచి తిరిగిందని. సాయంత్రం రెండు డింగీలు వెతకడానికి వెళితే, తనను ఎక్కనివ్వలేదని. తెల్లారాక ఒక తెడ్డు మాత్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిందని. కథ చెప్పే మనిషి గొంతు కాదది. మాటకూ మాటకూ మధ్య చాలాసేపు ఆగుతున్నాడు. ఎవరూ తరువాత ఏమైందని అడగలేదు.

"అక్కడి నుంచి నాకు తెలీదు వదినా" అన్నాడు.

పెద్దమ్మ తల ఊపింది. కొంగుతో మొహం తుడుచుకుని, అందరికీ ఆకులు వెయ్యమని అమ్మకు చెప్పింది.