అర గ్లాసు నీళ్లు

సిరోంచ తాలూకాలో వికలాంగులకు నిండు కూలి ఇప్పించిన మొదటి మనిషిని నేనే. తహసీలు ఆఫీసులో బల్ల గుద్ది మరీ ఇప్పించాను.

సరే, బల్ల గుద్దలేదు. ఆ ఆఫీసు మెట్లు కూడా ఎక్కలేదు. ఉపాధి హామీ పథకం కింద చెరువు పూడిక తీసేచోట నేను హాజరీ రాసేవాణ్ణి, అంతే. అక్కడ నీళ్లందించే ఆమెకు చిన్నప్పుడే ఒక కాలు చచ్చుబడింది. పందిరి కింద కూర్చుని, ఎవరడిగినా గ్లాసు అంచుదాకా నింపి, చుక్క ఒలకకుండా ఇచ్చేది. కూర్చుని చేసే పనే కదా అని ఆమెకు రోజూ అరదినమే రాసేవాణ్ణి.

అది ఆమెకు తెలిసిన రోజు నాకు అర గ్లాసే ఇచ్చింది.

"ఇదేందమ్మా?"

"అరదినం రాసెటోళ్లకు గంతే, కాకా. పనిజేసే వికలాంగులకు కూలి తక్కువ జెయ్యొద్దని చట్టం ఉన్నదంట, మొన్న గ్రామసభల సదివిండ్రు. నువ్వు ముందట్నే కూసుండి కునుకు తీస్తివి."

రోషం పొడుచుకొచ్చి ఆ అర గ్లాసూ ముట్టలేదు. ఆ రోజు నుంచి మాత్రం ఆమెకు నిండు దినం రాశాను.

చాలా ఏళ్లకు బస్టాండులో నలుగురికి ఈ కథ చెబుతూ, "చట్టం ఇన్నంక నా మనసు కరిగింది" అన్నాను. వెనక బెంచీ మీద ఆమె ఉన్నట్టు చూసుకోలేదు.

"మనసు గాదు, కాకా. ఆ అర గ్లాసు ముట్టక, ఆ దినమే ఎండకు కండ్లు తిరిగి పడ్డవ్. నిండు బిందె నీ మొకం మీద గుమ్మరించిన. కండ్లు తెరిచినంక హాజరీ బుక్కు చేతుల వెట్టి, నిండు దినం రాసేదాక లేవనియ్యలే."