పైకోత, పక్కకోత

అత్తమ్మకూ అమ్మకూ ఒకే వారంలో శుక్లం ఆపరేషన్ చేయించాలన్నది నా ఆలోచనే. అత్తమ్మ పంజాగుట్టలో మాతోనే ఉంటుంది. అమ్మ కృష్ణానగర్‌లో మా అన్న దగ్గర ఉంటుంది. అన్న సినిమా వాళ్ళకు బట్టలు కుడతాడు. ఇద్దరికీ కుడికన్ను మసకబారింది. ఇద్దరినీ మా ఇంట్లోనే ఉంచి చూసుకుంటే ఆఫీసులో ఒక్కసారే సెలవు అడగొచ్చనుకున్నాను. వియ్యపురాళ్ళిద్దరూ నల్లద్దాలు పెట్టుకొని ఒకే సోఫాలో కూర్చుంటే ఏమవుతుందో ఆలోచించలేదు.

అమీర్‌పేటలో ఒక చిన్న కంటి ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరమ్మది ఆంధ్ర వైపు. ముందు అత్తమ్మకు చేసింది, తర్వాత అమ్మకు. మర్నాడు కట్లు విప్పి చూస్తూ, "ఈవిడకు పైన కోత, ఆవిడకు పక్కన కోత" అని సిస్టర్‌తో అంది. ఆ మాట ఇద్దరి చెవుల్లోనూ పడింది.

ఇంటికి రాగానే అత్తమ్మ వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"ముందుగాల నాది చేసింది గద. నా కంటి మీద నేర్చుకొని మీ అమ్మది సక్కగ చేసింది."

"అట్ల ఏముండదు అత్తమ్మా."

"మరి ఇద్దరికి ఒక్క తీరు కొయ్యాలె గద."

మధ్యాహ్నం చుక్కలమందు వేస్తుంటే అమ్మ పైకప్పు వైపు చూస్తూ మెల్లగా అంది. "మీ అత్తకు పైన పెట్టిండ్రు. మనం పిల్ల దిక్కోళ్ళం గద. మనల్ని ఎప్పుడైన పక్కకే పెడ్తరు."

రెండో చుక్క అమ్మ బుగ్గ మీద పడింది.

మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు అత్తమ్మ ఊరుకోలేదు. నేరుగా డాక్టరమ్మనే అడిగింది. డాక్టరమ్మ ఆపరేషన్‌కు ముందు తీసిన బొమ్మలు రెండు కంప్యూటర్‌లో పక్కపక్కన పెట్టి చూపించింది. అత్తమ్మ కంట్లో ఎర్రటి పట్టీ నిలువుగా ఉంది, అమ్మ కంట్లో అడ్డంగా ఉంది.

"గది నెత్తురా?" అంది అత్తమ్మ.

"కాదమ్మా. కంటి ముందర అద్దంలాంటి పొర ఉంటుంది కదా, అది బంతిలా అన్ని వైపులా ఒకేలా వంగి ఉండాలి. ఒక వైపు వంపు ఎక్కువైతే చూపు చెదురుతుంది. ఎక్కడ ఎక్కువుందో మెషిన్ ఎరుపులో చూపిస్తుంది. మనం కోత పెట్టిన వైపు ఆ వంపు కాస్త తగ్గుతుంది. మీకు నిలువు వంపు ఎక్కువ, అందుకని పైన కోశాను. ఆవిడకు అడ్డం వంపు ఎక్కువ, అందుకని పక్కన. ఎలాగూ కోయాలి కదా, పనికొచ్చే చోట కోస్తే మంచిది."

అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. కానీ ఆవిడ మంచి డాక్టరు. పూర్తిగా చెప్పింది.

"చిన్న వయసులో చాలామందికి నిలువు వంపే ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ అది అడ్డానికి తిరుగుతుంది. మీకింకా తిరగలేదు, అంతే."

అత్తమ్మ అమ్మ కంటే పెద్దది. ముందుకు జరిగి కూర్చుంది.

"అంటే నాదింకా వయసు కన్నేనా?"

బయట బెంచీలు నిండి ఉన్నాయి. "ఒక రకంగా అంతేనమ్మా" అంది డాక్టరమ్మ.

ఆ సంగతి బల్కంపేట గుడి దగ్గర పూలమ్మే ఆవిడకు తెలిసింది. మా వాచ్‌మన్ భార్యకు తెలిసింది. ఫోన్లో మా ఆడపడుచుకు రెండుసార్లు తెలిసింది. కృష్ణానగర్ పోయే రోజు అమ్మ బట్టలు సర్దుకుంటూ నన్ను అడిగింది.

"నా కన్ను గంత ముసలిదయిందా?"

"చానామందికి గట్లనే ఉంటదంట అమ్మా. మంచిగ కనవడ్తుందా లేదా?"

"కనవడ్తుంది. నీకు తెల్లెంటికలు వచ్చినయి."

బోనాలు అయ్యాక అత్తమ్మ ఎడమకన్ను వంతు వచ్చింది. అమ్మ తానూ వస్తానంది. ఎందుకని నేను అడగలేదు. డాక్టరమ్మ కొత్త బొమ్మ తెరిచింది. ఈసారి ఎర్రటి పట్టీ అడ్డంగా పడుకొని ఉంది.

"రెండు కళ్ళూ ఒకలాగే ఉండాలని లేదమ్మా. దీనికి పక్కన కోస్తాను."

అత్తమ్మ ఆ బొమ్మను చాలాసేపు చూసింది. నేను అమ్మ వైపు చూడకుండా జాగ్రత్తపడ్డాను.

సిస్టర్ అత్తమ్మను నిటారుగా కూర్చోబెట్టి కంటి అంచున సిరాతో గుర్తు పెట్టింది. పడుకుంటే కన్ను కొద్దిగా తిరుగుతుందట. గుర్తు లేకపోతే కోత వేరే చోట పడుతుందట. అది విన్నాక అత్తమ్మ తల కదల్చడం మానేసింది. బెంచీ మీద కూర్చొని ఎదుటి గోడనే చూస్తోంది. అమ్మ జరిగి ఆమె పక్కన కూర్చుంది.

"పక్కన కోస్తే ఏం తెల్వది వదినా. నాకైతే తెల్వనే లేదు."

"నిజంగనా?"

"నిజంగనే. పైకోత సంగతి మీకే ఎరుక."

"గది సుత ఏం తెల్వలే" అంది అత్తమ్మ.

లోపలినుంచి పిలుపొచ్చింది. అత్తమ్మ చెవుల కమ్మలు తీసి, చెయ్యి చాచిన నన్ను దాటి, అమ్మ చేతిలో పెట్టి లోపలికి పోయింది.