పూజలో పోయిన ప్రోగ్రాం

నా ప్రోగ్రామును మా పెద్దమ్మ చెరిపేసింది. అదీ దసరా పూట, పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి మరీ! ఇన్నేళ్లయినా ఈ సంగతి ఎత్తితే ఇంట్లో అందరూ నవ్వేవాళ్లే గాని, అన్యాయమన్న నోరు ఒక్కటీ లేదు.

ఆ రోజుల్లో, అంటే ఎనభైల మొదట్లో, వరంగల్లులో క్యాలిక్యులేటర్ ఉన్నవాడే గొప్ప. నేర్పిన లెక్కను గుర్తుపెట్టుకుని చేసే క్యాలిక్యులేటర్ ఉన్న నేనెంత గొప్పవాణ్ణో మీరే ఊహించుకోండి. మేనమామ బొంబాయి నుంచి తెచ్చిచ్చాడు. ఇంటర్ తప్పిన నేను (తప్పించారనాలి, అది వేరే కథ) దానితో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని డిక్షనరీ నంజుకుని నమిలి మింగి, వంకరటింకర పొలం కొలతలు నొక్కితే ఎకరాలు, గుంటలు చెప్పే ప్రోగ్రాం రాశాను. సర్వేయర్ సారు దగ్గర ఎండలో కొలత గొలుసు లాగే పని నాది. "పండుగ తెల్లారి పట్టుకరా, చూస్త. నిజమే అయితే నీడకు కూసుండి లెక్కలు చెయ్యి. లేదంటే మల్ల గొలుసే" అన్నాడాయన.

మట్టెవాడలో మా పెద్దనాన్నకు బట్టలు కుట్టే దుకాణం. దసరానాడు పనిముట్లకు పూజయ్యాక వాటితో పని చేయరు. ఎవరూ తొక్కకుండా మిషను బెల్టు కూడా విప్పేస్తారు. పెద్దమ్మ కత్తెర పక్కన నా క్యాలిక్యులేటర్‌నూ కూర్చోబెట్టి, దానికీ అదే పద్ధతిలో వెనక మూత విప్పి సెల్లులు తీసేసింది! పొద్దున్నే మళ్లీ పెట్టేసింది గాని, సెల్లులు తీస్తే అందులో రాసిందంతా గల్లంతు.

తెల్లారి సారు ముందు మీట నొక్కితే సున్నా.

"దీనికి ఇంకా పండుగ దిగలేదారా?"

"జర ఆగుండ్రి సార్" అని అక్కడే మళ్లీ రాశాను. మొదటి దెబ్బకు చిన్న మడిచెక్క కాస్తా మట్టెవాడను మించింది. "గింత భూమి ఏ దొరదిరా?" అన్నాడు సారు. రెండోసారి మాత్రం ఆయన కాగితం లెక్కతో అచ్చంగా కలిసింది. స్టూలు నా వైపు జరిపి, "గొలుసు ఇంకోనికియ్యి" అన్నాడు.

నీడ దొరికింది గాని కోపం దిగలేదు. ఏటా దసరాకు పెద్దమ్మ చేతిలో జమ్మి ఆకు పెట్టి కాళ్లు మొక్కుతూనే, "నన్నొక్క మాట అడుగొద్దా?" అని నిలదీసేవాణ్ణి. నవ్వి ఊరుకునేది. నా తల నెరిసి, ఆమె పళ్లన్నీ ఊడిన ఏడాది, ఎట్టకేలకు జవాబిచ్చింది:

"నీ తెలివంత గా సెల్లులల్ల ఉన్నదని నాకేం ఎరుక కొడుకా? నెత్తిల ఉన్నదనుకుంటి!"