మారమ్మ తిన్న ముద్ద

పట్టుపురుగుల్లో పండినదేదో పచ్చిదేదో తేల్చాలంటే కళ్ళుండాలి. శ్రీనివాసపురం పక్క మా ఊళ్ళో మారమ్మకున్న కళ్ళు ఇంకెవరికీ లేవు. ఒళ్ళు పసుపుతేలి మెరిసే పురుగును తట్టలోంచి ఏరి, గూడు కట్టుకోవడానికి చంద్రికె అనే వెదురు చాప మీద వేసేది. రోజంతా ఏరినా ఒక్కటి తప్పేది కాదు. అత్తింట్లో ఆమె విలువ అంతవరకే. తిండి మాత్రం అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది.

పోయిన వేసవిలో పురుగు పండిన రోజు, ఎలుకలు పురుగుల్ని తినేస్తున్నాయని అత్త తాయమ్మ మిగిలిన రాగిముద్దలో మందు కలిపి, మూత పెట్టి, పెరట్లోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి గిన్నె ఖాళీ. మారమ్మ నిలబడే మింగేసి మళ్ళీ తట్టల దగ్గర కూర్చుంది. తాయమ్మకు అంతా అర్థమైంది. నోరు విప్పలేదు. గిన్నె కడిగి బోర్లించింది. పాముకైనా బుసకొట్టే మర్యాద ఉంటుంది.

మూడు రోజులు ఏమీ కాలేదు. ముసలిది ఊపిరి పీల్చుకుంది. నాలుగోనాడు మారమ్మ పళ్ళు తోముకుంటే చిగుళ్ళ రక్తం ఆగలేదు. ఐదోనాడు కుడికంటి ముందు నల్ల చుక్కలు తేలాయి. “వేడి చేసింటాది లేమ్మా” అని తాయమ్మ ఆమె నడినెత్తిన ఆముదం పెట్టింది. ఆముదం! మారమ్మ మొగుడు బచ్చప్ప గూళ్ళు మార్కెట్టుకు వేసుకుపోయాడు. ఏడోనాటికి కుడికన్ను చీకటైంది, ఎడమది మసకబారింది. పక్కింటివాణ్ణి, చూస్తూ ఊరుకోలేక నేనే కోలారు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. తాయమ్మ వెంట వచ్చింది, మేమేం మాట్లాడతామో వినడానికి.

రక్తపరీక్ష చూసి డాక్టరు ఎలుకల మందు అన్నాడు. అది తినగానే చంపదట, రక్తాన్ని గడ్డకట్టనీయదట. రోజులు గడిచాక సన్నటి నరం ఎక్కడ చిట్లితే అక్కడ కారుతూనే ఉంటుంది. మారమ్మకు కంటి లోపలే చిట్లింది.

“మొదటిరోజే తెచ్చి ఉంటే సూదితో, మాత్రలతో ఆపేవాళ్ళం. కుడికన్ను ఇక రాదు. ఎడమది చెప్పలేను” అన్నాడాయన.

“నేను మందు యాడ తింటి సార్?” అంటూనే మారమ్మ ఆగిపోయింది. “అత్తా, ఆ పొద్దు ముద్దలో ఏమన్నా ఉండెనా?”

తాయమ్మ గోడవైపు తిరిగింది. “ఉండె. చెప్తే నిన్ను ఆస్పత్రికి ఎత్తుకోని పోతారు. ఇంగ పండిన పురుగును ఏరేది ఎవురు?”

ఆ ముసలిదాని పీక పిసకాలనిపించింది నాకు. మారమ్మ గొంతు కూడా పెంచలేదు.

“చెప్పింటే సూది ఏపిచ్చుకోని, మద్యాన్నానికి వచ్చి ఏరతా ఉంటినే అత్తా” అంది.